బాయి దిగినట్టు నా కాన్పు

హిప్నాటిజం అనగానే మనుషుల మొహాలు ఎలా మారతాయో నాకు బాగా తెలుసు. మా ఇంట్లోనే చూశాను. మా ఆయన తిరుపతి పకపకా నవ్వాడు. మామ "గవన్ని మేజిక్కులోళ్లు చేస్తరు గదా" అన్నాడు. అత్తమ్మ పైకి ఏమీ అనలేదు కానీ, ఆ సాయంత్రమే ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి దిష్టి తీసింది. కాబట్టి మీరూ నవ్వండి, ఏం పర్వాలేదు. నవ్వడం అయ్యాకే చదవండి. మా పాప ఇప్పుడు బోర్లా పడుతోంది. అది నిద్రపోయినప్పుడల్లా కొంచెం కొంచెం ఇది రాస్తున్నాను. నాలాగా ఆస్పత్రి వాసనకే కాళ్లు వణికే ఆడవాళ్లు ఎక్కడో ఒకరిద్దరు ఉండకపోరు, వాళ్ల కోసం. అసలు సంగతి చెప్పాలంటే, నా గొప్ప నేను చెప్పుకోవడం కోసం కూడా.

మా పుట్టిల్లు నస్పూర్. బాపు శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కార్మికుడిగా చేసి రిటైరయ్యాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. నేను చిన్న బళ్లో ఉన్నప్పుడు అవ్వ రెండో కాన్పుకు ఆస్పత్రికి వెళ్లింది. కష్టమైందని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. ఆకుపచ్చ తెర వేసిన తలుపు అది. దాని ముందు బల్ల మీద నన్ను కూర్చోబెట్టి ఎవరో చేతిలో బన్ను పెట్టారు. బన్ను తినడం అయిపోయింది, అవ్వ మాత్రం బయటికి రాలేదు. పుట్టాల్సిన తమ్ముడూ రాలేదు. తప్పెవరిదో, అసలు ఎవరిదైనా తప్పు ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బాపు ఎన్నడూ ఎవరినీ తిట్టగా వినలేదు. నాకు మాత్రం ఆ తలుపు మనసులో ఉండిపోయింది.

మూడో నెల

పెళ్లయి కరీంనగర్ వచ్చాను. కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు ఇంట్లో అందరూ మిఠాయి తిన్నారు, నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను. సంతోషం లేక కాదు. లోపలున్న బిడ్డ ఎప్పటికైనా బయటికి రావాలి కదా, రావాలంటే ఆ తలుపు దాటాలి కదా, అదీ నా ఏడుపు.

మొదటిసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఆస్పత్రి గుమ్మంలో డెట్టాల్ వాసనకే నా చెవుల్లో హోరు మొదలైంది. నర్సు బీపీ చూసి, "ఏందమ్మా గింత ఉంది" అని మళ్లీ చూసింది. ఇంకా పెరిగింది. రెండోసారి వెళ్లినప్పుడు వరుసలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పక్కామె మీదికి ఒరిగిపోయాను. ఆ పక్కామె ఎవరో నాకు తెలియదు. ఆమెకూ నిండు కడుపే. అయినా నా తల తన భుజం మీద పెట్టుకుని, కొంగుతో విసురుతూ, "ఏం గాదు చెల్లే, ఏం గాదు" అంటూనే ఉంది. ఆమె పేరు అడగాలని నాకు తోచనే లేదు. ఎక్కడున్నా ఆమె కడుపు చల్లగుండాలి.

మా డాక్టరమ్మ మంచిది. ఇంటి దగ్గర బీపీ చూడమంది, మామూలుగానే ఉంది. ఆస్పత్రికి వస్తేనే ఎగురుతోంది. ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నీకు బీపీ రోగం లేదు రజితా. నీ రోగం పేరు భయం. దానికి నా దగ్గర గోలీ లేదు."

"మరెట్ల మేడం?"

"భయం ఇట్లనే ఉంటే రేపు నొప్పులప్పుడు బీపీ పెరిగి పెద్దాపరేషన్ దాకా పోతది. అవసరమైతే ఆపరేషన్ చేస్తా, అది ప్రాణం కాపాడేదే. కానీ నీ భయం వల్ల చెయ్యాల్సి రావద్దు. నేనొకామె దగ్గరికి పంపిస్తా, పో."

ఐదో నెల

ఆ ఒకామె నస్రీన్ మేడం. చాలా ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసి, తర్వాత ఎక్కడో శిక్షణ తీసుకుని వచ్చి, బట్టల దుకాణం పైన ఒక గదిలో కడుపుతో ఉన్నవాళ్లకు ఊపిరి తీయడం, ఒళ్లు వదులు చేసుకోవడం, తనను తాను మెల్లగా మగతలోకి తీసుకుపోవడం నేర్పుతోంది. హిప్నాటిజం అంటే ఇదేనట, గడియారం గొలుసు ఊపడాలూ, "నిద్రపో, నిద్రపో" అనడాలూ ఏవీ లేవు. నేల మీద చాప, దిండ్లు, మూలన కూజా, అంతే. తిరుపతి నాతో వచ్చి, గొలుసు లేదని కాస్త నిరాశపడ్డాడు కూడా.

మేడం తన గొంతుతో రికార్డు చేసిన మాటలు నా ఫోన్లోకి పంపింది. రోజూ మధ్యాహ్నం వినమంది. విన్నాను. "మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు, అలలు మెల్లగా మీ పాదాలను తాకుతున్నాయి" అని మొదలవుతుంది. వారమంతా విన్నాను. ఒళ్లు వదులు కావడం సంగతి దేవుడెరుగు, నాకు చిరాకు పెరిగింది. తర్వాతి క్లాసులో ఆమె ముందే అనేశాను.

"మేడం, నేను సముద్రం ఎన్నడు సూడలే. గా అలలు నన్ను ముంచుతయేమో అనిపిస్తాంది."

ఆమె పెద్దగా నవ్వింది. "అరె, నేనే ఒక్కసారి చూశిన బేటా! ట్రైనింగుల చెప్పినట్టు చెప్పిన. సరే, నీ దిల్‌కు ధైర్యమిచ్చే జాగ ఏంది?"

నాకు ఏ జాగా తోచలేదు. తోట, గుడి, వాన అని ఆమె అడుగుతూ పోయింది, నేను తల అడ్డంగా ఊపుతూ పోయాను. చివరికి నా నోటి నుంచి నాకే తెలియకుండా "బాయి" అని వచ్చింది.

"నీళ్ల బాయా?"

"కాదు మేడం. మా బాపు దిగే బొగ్గుబాయి."

అవ్వ పోయాక బాపు షిఫ్టుకు బయలుదేరుతుంటే కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని. ఈయన కూడా దిగి తిరిగి రాకపోతే? అప్పుడు బాపు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రతిసారీ ఒకే కథ చెప్పేవాడు. "దిగేటప్పుడు ఊపిరి బిగవట్టద్దు బిడ్డా. చీకటి చూసి ఉరకద్దు, కండ్లు అలవాటయ్యేదాక జర ఆగాలె. టోపీ లైటు ముందటి అడుగే చూపిస్తది. గంతే చాలు. గా అడుగేసినంక ఇంకో అడుగు అదే కనవడ్తది. పనైనంక ఎక్కొస్త. దిగినోడు ఎక్కుడే గదా!" అలా చెప్పి వెళ్లేవాడు. ప్రతిసారీ ఎక్కి వచ్చేవాడు, ఒంటినిండా మసితో, తెల్లటి పళ్లతో.

నస్రీన్ మేడం కళ్లు తుడుచుకుంది. సముద్రాన్ని తీసి పక్కన పారేసింది. అదే గదిలో అప్పటికప్పుడు నా కోసం కొత్తగా రికార్డు చేసింది. బాపు మాటలే, ఆమె గొంతుతో. ఇంకో మాట కూడా చెప్పింది.

"దాన్ని నొప్పి అని అనకు. నొప్పి అంటే ఒళ్లు దగ్గరికి ముడుచుకుంటది. నువ్వే ఒక పేరు పెట్టు."

"దిగుడు" అన్నాను. ఆ రోజు నుంచి నొప్పి అనే మాట మా ఇంట్లో బంద్ అయింది.

ఏడో నెల

రోజూ మధ్యాహ్నం గది తలుపు దగ్గరగా వేసి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. మొదట్లో కునుకు పట్టేది. తర్వాత్తర్వాత దవడ వదులవడం, భుజాలు జారడం, చేతివేళ్లు బరువెక్కడం తెలిసింది. బాయిలో ఒక్కో అడుగూ దిగుతూ బాపు మాటల్ని నేనూ పైకే అనేదాన్ని. పరీక్షకు వెళ్లి వరుసలో కూర్చున్నప్పుడు కూడా కళ్లు మూసుకుని దిగేదాన్ని. బతుకమ్మ పండుగకు ముందు వెళ్లినప్పుడు నర్సు బీపీ చూసి, "మిషిని ఖరాబైందా ఏంది" అని ఇంకో మిషను తెచ్చింది. అందులోనూ మామూలుగానే ఉంది. ఆ రోజు నేను ఆస్పత్రి మెట్లు దిగిన తీరు చూడాలి మీరు, ఎన్నికల్లో గెలిచినదానిలా దిగాను.

అయితే మా ఇంట్లో అప్పుడే అసలు గొడవ మొదలైంది.

మా మామకు విత్తనాల దుకాణం ఉంది. మంచి మనిషే, కానీ పంచాంగం చూడకుండా చెప్పులో కాలు పెట్టడు. పంతులును అడిగి నెలలు నిండకముందే ఒక రోజు ఖాయం చేసుకుని వచ్చాడు. ఆ రోజు పొద్దున ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తే రాజయోగమట.

"మా డాక్టరమ్మ ముహూర్తాలకు ఆపరేషన్ చెయ్యనంటది మామా" అన్నాను.

"చేసేటోళ్లు ఇంకెక్కడన్న లేరా? మాట్లాడిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టబోయేవాడు ఏం చదవాలో కూడా ఆయన చెప్పేస్తున్నాడు. తిరుపతిని ఆ రాత్రి నిలదీశాను. "మా బాపుకు ఎదురు ఎన్నడు చెప్పలే రజితా, ఎట్ల చెప్పాలె?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడుపు నాది, కత్తి నామీద, ముహూర్తం మాత్రం ఆయనది. అవసరమై కోస్తే ఒట్టు, ఒక్క మాట అనను. నక్షత్రం కోసం నన్ను ఆ ఆకుపచ్చ తెర వెనక్కి పంపిస్తారా? తిరుపతితో కొన్నాళ్లు మాట్లాడలేదు.

అత్తమ్మ ఈ గొడవలో ఎటువైపూ మాట్లాడలేదు. ఆమె నోట్లో నాలుక లేని మనిషి అని చుట్టాలందరూ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా పళ్లెంలో నెయ్యి మాత్రం ఎక్కువ వేసేది.

తొమ్మిదో నెల

ముహూర్తం దగ్గరపడింది. ఆ మధ్యాహ్నం మామ హాల్లో ఫోన్లో ఆస్పత్రి గది గురించి మాట్లాడుతున్నాడు. వినలేక నేను గదిలోకి వచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దిగడం మొదలుపెట్టాను. ఆ రోజు ఎందుకో చాలా లోతుకు పోయాను. నస్రీన్ మేడం నేర్పినట్టు ఊపిరి వదిలేటప్పుడు "ఊఁ" అని గొంతు కలిపాను. జుట్టు విప్పుకుని ఉన్నాను. ఒళ్లు దానంతటది ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

తలుపు తీసుకుని అత్తమ్మ వచ్చింది. ఒక్క కేక పెట్టింది.

"ఓ అయ్యో, ఉరికి రాండ్రి! కోడలికి శిగమొచ్చింది!"

ఒంటి మీదికి అమ్మవారు రావడాన్ని మా వైపు శిగం అంటారు. నేను కళ్లు తెరిచే లోపల నా నుదుటి మీద ఇంత పసుపు పడింది, ముక్కులోకి మైసాక్షి సాంబ్రాణి పొగ వచ్చింది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు ఎప్పుడు ఊడిపోయాయో తెలియదు. అత్తమ్మ మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించింది.

"ఎవ్వలు తల్లీ నువ్వు? ఎల్లమ్మవా? పోచమ్మవా? ఏం తక్కువ చేసినం నీకు? అడుగు తల్లీ, నోరు తెరిచి అడుగు."

నాకు నవ్వొచ్చింది. "నేను అత్తమ్మా, రజితను" అనబోయాను. అప్పుడు గుమ్మంలో మామ కనిపించాడు. ఇన్నాళ్లూ నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినని మనిషి, చెప్పులు విప్పి, ఫోను జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని వింటున్నాడు. అది చూడగానే నా నవ్వు పోయి కోపం వచ్చింది. ఆ కోపానికి పసుపు పూసిన మొహం తోడైంది.

"నా బిడ్డ మీద కత్తి వెట్టకుండ్రి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ముహూర్తం మీరు పెట్టుడేంది? ఎన్నడు రావాల్నో బిడ్డకెరుక. డాక్టరమ్మ చెప్తే తప్ప కత్తి ముట్టద్దు. ముట్టిండ్రో, సూడుండ్రి మల్ల!"

మామ సాష్టాంగపడ్డాడు. పొగకు నా గొంతు ఎండిపోయి దగ్గొచ్చింది. "జర మంచినీళ్లియ్యి అత్తమ్మా" అని చెయ్యి చాచాను.

అన్నాక నాలుక్కరుచుకున్నాను. అత్తమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, చటుక్కున వెనక్కి తిరిగి మామతో గట్టిగా, "తల్లి పోయింది! కోడలు మనుషుల్ల పడ్డది! పోయి నీళ్లు తేపో!" అంది. ఈ ఇంట్లో మామ నీళ్లు తేవడం నేను చూడడం అదే మొదటిసారి.

ముహూర్తం రద్దయింది. పంతులు ఏదో అనబోతే, "అమ్మవారికంటె పంతులెక్కువనా?" అని మామే ఆయన నోరు మూయించాడట. అత్తమ్మను మోసం చేశానే అని నాకు లోపల పీకుతూనే ఉంది, కానీ ముహూర్తం రోజు నేను ఇంట్లోనే కూర్చుని హాయిగా జామకాయ తిన్నాను.

ఆ రోజు

డాక్టరమ్మ చెప్పిన తేదీ కూడా దాటి, ఇంకా ఒకట్రెండు రోజులు చూద్దామన్నప్పుడు వచ్చింది. పొద్దున అత్తమ్మ సర్వపిండి గిన్నెకు అద్దుతోంది, నేను పక్కన నిలబడి నువ్వులు అందిస్తున్నాను. కాళ్ల వెంట నీళ్లు కారాయి. "అత్తమ్మా, దిగుడు" అన్నాను. ఆగమాగమైంది. తిరుపతి బండి తాళం చేతిలో పట్టుకుని అదే తాళం కోసం ఇల్లంతా వెతికాడు.

ఆస్పత్రిలో కాన్పు గదికి పోయే దారిలోనే ఆపరేషన్ గది ఉంది. ఆకుపచ్చ తెర కాదు, గాజు తలుపు. అయినా ఏం లాభం? నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. చెవుల్లో హోరు, నోట్లో బన్ను రుచి. నర్సు బీపీ చూసి మొహం చిట్లించింది. "ఫోను, నా ఫోను" అన్నాను. వంటింట్లో నువ్వుల డబ్బా పక్కన పెట్టి వచ్చేశాను. తిరుపతి తేవడానికి పరుగెత్తాడు. ఈలోగా ఒక పెద్ద దిగుడు వచ్చింది. ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయింది. ఇన్ని నెలలు నేర్చుకున్నదంతా గాలికి పోయిందనుకున్నాను. పోతాను, అవ్వలాగే నేనూ పోతాను అనుకున్నాను.

ఒకరిని తోడు ఉండనిచ్చారు. అత్తమ్మ ఉంది. నా దవడ కింద చెయ్యి పెట్టి మెల్లగా నిమిరి, చెవి దగ్గర మొదలుపెట్టింది.

"ఊపిరి బిగవట్టద్దు బిడ్డా. చీకటి సూసి ఉరకద్దు. కండ్లు అలవాటయ్యేదాక జర ఆగు. లైటు ముందటి అడుగే సూపిస్తది. గంతే చాలు."

నేను కళ్లు తెరిచి చూశాను. ఒక్క మాట పొల్లుపోలేదు. మా బాపు మాటలు, మా అత్తమ్మ నోట్లో.

"నన్నేం సూస్తవ్? దిగు" అంది.

దిగాను. నొప్పి ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉంటుంది, నడుము రెండుగా చీలినట్టు ఉంటుంది. కానీ నొప్పికి భయం తోడు కాకపోతే అది మోయగలిగే బరువే. ఒక్కో దిగుడూ వచ్చేది, దిగేదాన్ని, ఎక్కేదాన్ని. మధ్యలో అత్తమ్మ నీళ్లు తాగించేది. తిరుపతి ఫోను తెచ్చేసరికి నాకు దాని అవసరమే లేకపోయింది. బీపీ దిగింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఏం రజితా, నా కాడ లేని గోలీ యాడ దొరికింది?" అంది. జవాబు చెప్పే ఓపిక లేక అత్తమ్మను చూపించాను.

మధ్యాహ్నానికి పాప పుట్టింది. కత్తి లేదు, తెర లేదు. నా గుండె మీద వేశారు. వెచ్చగా, జారుడుగా, కోపంగా ఉంది. నేను చేశాను. ఎవరేమన్నా అననీ, ఈ పని నేను చేశాను. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నాకు విసుగు రాదు.

బాపు నస్పూర్ నుంచి వచ్చి, బయట బల్ల మీద అప్పటిదాకా ఒక్కడే కూర్చున్నాడట. అవ్వ కాన్పు నాడు కూర్చున్నాక ఆయనకూ అది రెండోసారేనని నాకు అప్పుడు తట్టింది. లోపలికి వచ్చి పాపను కాదు, ముందు నన్నే చూశాడు.

"ఎక్కొచ్చినవా బిడ్డా?"

"ఎక్కొచ్చిన బాపు."

ఆయన ఏడ్వడం అవ్వ పోయినప్పుడు కూడా నేను చూడలేదు. అప్పుడు చూశాను.

పురుడు నాడు

పురుడు నాడు ఇల్లంతా చుట్టాలు. నస్రీన్ మేడం పాపకు జరీ టోపీ తెచ్చింది. మామ పాపను ఎత్తుకుని, దాని నక్షత్రం ముహూర్తం నక్షత్రం కంటే గొప్పదని పంతులే అన్నాడని అందరికీ చెబుతున్నాడు. ఎల్లమ్మకు బోనం చేస్తానని మొక్కాడు కూడా. "అమ్మవారే ఒచ్చి చెప్పింది మా ఇంట్ల" అని ఆయన అంటుంటే నాకు వంటింట్లో తల ఎత్తబుద్ధి కాలేదు. అత్తమ్మ పాపను తీసుకుని లోపలికి వచ్చింది. ఇక ఆగలేక తలుపు దగ్గరగా వేశాను.

"అత్తమ్మా, ఒకటి చెప్తా, కోపానికి రావద్దు. గా దినం నాకు శిగం..."

"ఏ నోర్ముయ్" అంది. "శిగమొచ్చినామె ఎన్నడన్న మంచినీళ్లియ్యి అత్తమ్మా అంటదానే? గది గూడ ఎరుక లేకుంటనే ముసల్దాన్నైననా? రోజు తలుపవతల కూసోని నీ బాయి కథంత ఇన్న."

"మరి కేకెందుకు వెట్టినవ్?"

"మామూలుగ చెప్తె ఈ ఇంట్ల ఎవ్వలన్న ఇన్నరా? నిన్ను ఇన్నరా, నన్ను ఇన్నరా?" అత్తమ్మ తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "నేను కొత్తల వచ్చినప్పుడు నాకు గూడ శిగమొచ్చేది. మీ మామ నా సొమ్ములు అమ్ముతనన్ననాడు వచ్చింది. తిరుపతిని హాస్టల్ల ఏస్తమన్ననాడు వచ్చింది. అన్ని నీకొచ్చినసుంటియే."

నాకు నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. నోట్లో నాలుక లేని మనిషట! అత్తమ్మ నవ్వలేదు. ఒళ్లో పాప మొహం మీదికి వంగి, దాని బుగ్గ మీద వేలు పెట్టింది.

"నీకు మాత్రం గా అక్కర రావద్దే తల్లీ. ఏం గావాల్నో నోటితోనే అడుగు."

పాప నోరు తెరిచి ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. హాల్లో మాటలన్నీ ఆగిపోయాయి. "అరె, ఏం గావాల్నట బిడ్డకు?" అని మామ పరుగెత్తుకొచ్చాడు.